జీతంలో కోసిన ఈఎస్‌ఐ డబ్బు ఎక్కడికి వెళ్తుంది? ఎవరు ఎంత కట్టాలి, ఎప్పటిలోగా కట్టాలి, కట్టకపోతే మీరేం చేయాలి

ఈ పీడీఎఫ్ ఎవరి కోసం?

మిల్లులో, షాపులో, హోటల్లో, ప్రైవేటు ఆసుపత్రిలో, ప్రైవేటు స్కూల్లో, ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో, పెట్రోలు బంకులో, సెక్యూరిటీ ఏజెన్సీలో, మున్సిపాలిటీ ఔట్‌సోర్సింగ్‌లో పనిచేస్తూ నెలకు 21 వేల రూపాయల లోపు జీతం తీసుకునే ప్రతి ఒక్కరి కోసం. మీ ఇంట్లో అలాంటివారు ఉంటే వారికి చదివి వినిపించండి. మొత్తం చదవడానికి పది నిమిషాలు పడుతుంది.

ముందుగా ఒక విషయం

కొన్ని నెలల కిందట సోమవారం ప్రజావాణిలో ఒక అక్క నా టేబుల్ దగ్గరికి వచ్చింది. స్పిన్నింగ్ మిల్లులో పని. భర్తకు కడుపునొప్పి ఎక్కువై ఈఎస్‌ఐ డిస్పెన్సరీకి తీసుకెళ్తే, "మీ చందా కొన్ని నెలలుగా జమ కాలేదమ్మా" అన్నారట. ఆమెకు అర్థం కాలేదు. "ప్రతి నెలా నా జీతంలో 120 రూపాయలు కోస్తున్నారు సార్, మరి ఆ డబ్బు ఏమైంది?" అని అడిగింది. చేతిలో ప్లాస్టిక్ కవర్, అందులో ఎనిమిది పే స్లిప్పులు. ప్రతి స్లిప్పులోనూ ఈఎస్‌ఐ కోత స్పష్టంగా ఉంది.

ఆమె ప్రశ్న చాలా న్యాయమైన ప్రశ్న. కానీ అందులో సగమే ఉంది. ఎందుకంటే ఆ 120 రూపాయలతో పాటు, యజమాని తన జేబులోంచి ఇంకో 520 రూపాయలు కలిపి కట్టాలి. ఆ సంగతి ఆమెకు తెలియదు. మనలో చాలామందికి తెలియదు. "ఈఎస్‌ఐ అంటే మా జీతంలో కోసేది" అనే అనుకుంటాం. నిజానికి అందులో పెద్ద వాటా యజమానిది. అది ఆయన దయ కాదు, చట్టం పెట్టిన బాధ్యత.

అందుకే ఈసారి "ఏ జబ్బుకు ఏం వస్తుంది" అనే దానికంటే ముందు, "ఎవరు ఎంత కట్టాలి" అనేది చెప్పుకుందాం. కట్టే లెక్క తెలిస్తేనే రావలసింది గట్టిగా అడగగలం.

ఈఎస్‌ఐ అంటే ఏమిటి? క్లుప్తంగా

ఈఎస్‌ఐ అంటే ఉద్యోగుల రాజ్య బీమా. 1948లో పార్లమెంటు చట్టం చేసింది. 1952 ఫిబ్రవరి 24న కాన్పూర్, ఢిల్లీలలో మొదలైంది. తర్వాత మన ప్రాంతానికీ వచ్చింది.

ఇది ప్రైవేటు ఇన్సూరెన్స్ పాలసీ లాంటిది కాదు. పాలసీలో మీ వయసు చూస్తారు, పాత జబ్బులు చూస్తారు, దాన్నిబట్టి ప్రీమియం పెంచుతారు. ఈఎస్‌ఐలో అలా ఉండదు. జీతాన్ని బట్టి చందా, అవసరాన్ని బట్టి వైద్యం. 9 వేల జీతగాడికీ 20 వేల జీతగాడికీ ఆసుపత్రిలో ఒకే వైద్యం.

ఇంకో తేడా కూడా ఉంది. ఆరోగ్యశ్రీ గానీ, ఎన్టీఆర్ వైద్య సేవ గానీ ఆసుపత్రి ఖర్చు చూసే పథకాలు. మంచం పట్టిన రోజుల్లో మీ జీతం పోతే ఆ పథకాలు జీతం ఇవ్వవు. ఈఎస్‌ఐ వైద్యంతో పాటు, పోయిన జీతంలో ఒక భాగాన్ని కూడా నగదుగా ఇస్తుంది. "మాకు ఆరోగ్యశ్రీ కార్డు ఉందిగా, ఈఎస్‌ఐ ఎందుకు" అనేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి.

ఎవరు కట్టాలి? ఎంత కట్టాలి?

2019 జూలై 1 నుంచి అమల్లో ఉన్న రేట్లు ఇవి.

• యజమాని వాటా: జీతంలో 3.25 శాతం
• ఉద్యోగి వాటా: జీతంలో 0.75 శాతం
• మొత్తం: 4 శాతం

అంతకుముందు యజమాని 4.75 శాతం, ఉద్యోగి 1.75 శాతం కట్టేవారు. అంటే రెండు వాటాలూ తగ్గాయి. మీ స్లిప్పులో ఇప్పటికీ 1.75 శాతం కోస్తుంటే అది తప్పు. వెంటనే అడగండి.

మన మిల్లు అక్క లెక్కే తీసుకుందాం. ఈఎస్‌ఐకి లెక్కలోకి వచ్చే జీతం నెలకు 16,000 రూపాయలు అనుకోండి.

• ఆమె వాటా: 120 రూపాయలు
• మిల్లు యజమాని వాటా: 520 రూపాయలు
• ప్రతి నెలా ఆమె పేరు మీద జమ కావలసింది: 640 రూపాయలు

లెక్కలో పైసలు వస్తే పై రూపాయికి సరిచేస్తారు. ఉదాహరణకు 112 రూపాయల 50 పైసలు వస్తే 113 కోస్తారు. అది తప్పు కాదు, నియమమే.

మీ జీతానికి మీరే లెక్క వేసుకోవడం తేలిక. ప్రతి వెయ్యి రూపాయలకు మీ వాటా ఏడున్నర రూపాయలు. యజమాని వాటా ముప్పై రెండున్నర రూపాయలు. జీతంలో ఎన్ని వేలుంటే అన్నిసార్లు కలుపుకోండి.

రోజు కూలి సగటున 176 రూపాయలు గానీ అంతకంటే తక్కువ గానీ ఉంటే ఉద్యోగి వాటా అసలు కోయకూడదు. యజమాని మాత్రం తన 3.25 శాతం కట్టాల్సిందే. అలాంటివారికీ ప్రయోజనాలన్నీ పూర్తిగా వస్తాయి.

ఏ సంస్థలు కట్టాలి?

10 మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే సంస్థలు. ఫ్యాక్టరీలు మాత్రమే కాదు. షాపులు, హోటళ్లు, సినిమా హాళ్లు, రవాణా సంస్థలు, ప్రైవేటు విద్యాసంస్థలు, ప్రైవేటు ఆసుపత్రులు కూడా ఇందులోకి వస్తాయి. ఒకసారి ఈఎస్‌ఐ పరిధిలోకి వచ్చిన సంస్థలో తర్వాత మనుషులు తగ్గి ఎనిమిది మందే మిగిలినా, పరిధిలోంచి బయటకు పోదు.

ఏ ఉద్యోగులకు వర్తిస్తుంది? నెల జీతం 21,000 రూపాయలు దాటని వారికి. వికలాంగులైన ఉద్యోగులకు ఈ పరిమితి 25,000. చందా కాలం మధ్యలో ఇంక్రిమెంటు వచ్చి జీతం 21 వేలు దాటినా, ఆ కాలం పూర్తయ్యేవరకు మీరు ఈఎస్‌ఐలోనే ఉంటారు. చందా కట్టాలి, ప్రయోజనాలూ పొందాలి.

పర్మినెంటా, టెంపరరీనా, క్యాజువలా అనే తేడా లేదు. చేరిన మొదటి రోజు నుంచే లెక్క. "ఆరు నెలలు పనిచేశాక ఈఎస్‌ఐ పెడతాం" అని సూపర్‌వైజర్ అంటే ఆ మాటకు చట్టంలో చోటు లేదు.

"నేను కాంట్రాక్టర్ మనిషిని. నాకెవరు కట్టాలి?"

ఫోన్లో నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే.

మీరు పనిచేసే చోటు ఒకరిది, మీకు జీతమిచ్చేది కాంట్రాక్టర్ లేదా ఏజెన్సీ. కాంట్రాక్టర్ కడితే సరే. కట్టకపోతే? అప్పుడు అసలు సంస్థ, అంటే ప్రధాన యజమాని, మీ చందా కట్టాలి. కట్టిన తర్వాత ఆ డబ్బును కాంట్రాక్టర్ బిల్లులోంచి రాబట్టుకోవచ్చు. అది వాళ్లిద్దరి మధ్య లెక్క. "కాంట్రాక్టర్ పారిపోయాడు, మాకేం సంబంధం" అని అసలు సంస్థ చేతులు దులుపుకోవడానికి వీల్లేదు.

కాబట్టి కాంట్రాక్టర్ మారినప్పుడల్లా రెండు పేర్లు రాసి పెట్టుకోండి. ఒకటి కాంట్రాక్టర్ పేరు, రెండు మీరు పనిచేసిన సంస్థ పేరు. ఫిర్యాదులో రెండూ రాయాలి.

"మా కంపెనీ ప్రైవేటు మెడిక్లెయిమ్ ఇచ్చింది. ఈఎస్‌ఐ అక్కర్లేదంటున్నారు"

ఈమధ్య ఈ మాట ఎక్కువగా వినిపిస్తోంది. ఇన్సూరెన్స్ కంపెనీ దగ్గర గ్రూప్ పాలసీ తీసుకుని, ఒక కార్డు చేతిలో పెట్టి, "ఇక ఈఎస్‌ఐ పని లేదు" అంటున్నారు. కొన్ని పెద్ద సంస్థలు పాలసీ కూడా లేకుండా "ఆసుపత్రి బిల్లులు మేమే చూసుకుంటాం" అంటాయి.

పాలసీ ఇవ్వడం మంచిదే, ఎవరూ కాదనరు. కానీ దానివల్ల ఈఎస్‌ఐ చందా బాధ్యత పోదు. ఒకే ఒక్క మినహాయింపు దారి ఉంది. ఆ సంస్థ తన ఉద్యోగులకు ఈఎస్‌ఐతో సమానంగా గానీ అంతకంటే మెరుగ్గా గానీ ప్రయోజనాలు ఇస్తోందని చూపించి, ప్రభుత్వం నుంచి మినహాయింపు ఉత్తర్వు తెచ్చుకోవాలి. అది గెజిట్‌లో వస్తుంది, దానికి గడువు ఉంటుంది. ఆ ఉత్తర్వు లేకుండా "మేం మినహాయింపులో ఉన్నాం" అంటే అది ఉత్త మాటే.

ఒక్కసారి పోల్చి చూడండి. మామూలు గ్రూప్ పాలసీలో రెండు లక్షలో మూడు లక్షలో పరిమితి ఉంటుంది. అది దాటితే మిగతాది మీ జేబు నుంచే. ఉద్యోగం మానితే పాలసీ పోతుంది. జబ్బు రోజులకు జీతం ఇవ్వదు. పనిలో చెయ్యి పోతే నెలనెలా పెన్షన్ ఇవ్వదు. ఈఎస్‌ఐలో ఒక మనిషి వైద్యానికి ఇంత వరకే అనే పై పరిమితి లేదు. కాబట్టి కార్డు తీసుకోండి, ఈఎస్‌ఐ మాత్రం వదులుకోకండి.

ఎప్పటిలోగా కట్టాలి?

ఒక నెల చందాను తర్వాతి నెల 15వ తేదీలోగా యజమాని జమ చేయాలి. జూన్ నెల చందా జూలై 15లోగా అన్నమాట. రెండు వాటాలూ కలిపి ఒకేసారి కట్టాలి. మీ వాటా ముందు కట్టి, నా వాటా తర్వాత చూస్తాననడం కుదరదు.

ఆలస్యం చేస్తే ఏడాదికి 12 శాతం వడ్డీ, దానితో పాటు నష్టపరిహారం కూడా పడుతుంది. ఇవి యజమానే భరించాలి. "లేటైంది, ఫైన్ పడింది, అందరూ తలా కొంచెం వేసుకుందాం" అని మీ జీతంలో కోయడానికి వీల్లేదు.

యజమాని చేయకూడని నాలుగు పనులు

1. తన 3.25 శాతం వాటాను మీ జీతంలోంచి కోయకూడదు. కొన్ని చోట్ల స్లిప్పులో పూర్తి 4 శాతం కోస్తున్నారు. 16,000 జీతానికి 640 కోశారంటే మీ మీద 520 అదనపు భారం వేసినట్టే. ఇంటర్వ్యూలో చెప్పిన జీతంలోనే కంపెనీ వాటా కూడా కలిపి చూపించే పద్ధతి కొన్ని చోట్ల ఉంది. చేరే ముందే "చేతికి వచ్చేది ఎంత" అని అడిగి, కాగితం మీద రాయించుకోండి.

2. పాత నెలల బాకీని ఇప్పటి జీతంలో కోయకూడదు. ఏ నెల చందా ఆ నెల జీతంలోంచే కోయాలి. అప్పట్లో కోయడం మరచిపోతే ఆ నష్టం యజమానిదే.

3. ఈఎస్‌ఐ కట్టాల్సి వస్తోందని జీతం తగ్గించకూడదు.

4. ఈఎస్‌ఐ వైద్యంలో ఉండి, జబ్బు ప్రయోజనం తీసుకుంటున్న కాలంలో, లేదా ప్రసూతి ప్రయోజనం తీసుకుంటున్న కాలంలో పని నుంచి తీసేయకూడదు, శిక్షించకూడదు.

కోసి కట్టకపోతే అది మామూలు బాకీ కాదు

ఇది జాగ్రత్తగా చదవండి. మీ జీతంలోంచి కోసిన 0.75 శాతం, కోసిన క్షణం నుంచి యజమాని డబ్బు కాదు. ఈఎస్‌ఐకి చేర్చమని మీరు ఆయన చేతికి నమ్మి అప్పగించిన డబ్బుగా చట్టం చూస్తుంది. దాన్ని వ్యాపారానికి వాడుకుని జమ చేయకపోతే అది నమ్మకద్రోహ నేరం కిందికి వస్తుంది. "వ్యాపారం దెబ్బతింది, వచ్చే నెల కడతాను" అనే సాకు దీనికి సరిపోదు.

అలాగని, ఆయన కట్టలేదు కాబట్టి మీ హక్కు పోయినట్టు కాదు. యజమాని తప్పు వల్ల ఉద్యోగికి ప్రయోజనం ఆగిపోయే పరిస్థితి వస్తే, ఈఎస్‌ఐ కార్పొరేషన్ ఉద్యోగికి ప్రయోజనం ఇచ్చి, ఆ సొమ్మును యజమాని దగ్గర రాబట్టుకునే అధికారం చట్టంలో ఉంది. కానీ మీరు అక్కడ పనిచేశారని, జీతం తీసుకున్నారని చూపించడానికి ఏదో ఒక రుజువు కావాలి. అందుకే పే స్లిప్ అంత ముఖ్యం.

రోజుల లెక్క: చాలామంది మోసపోయేది ఇక్కడే

డబ్బు కట్టారా లేదా అన్నది ఒక్కటే చూస్తే చాలదు. ఎన్ని రోజులకు కట్టారన్నది కూడా చూడాలి.

ఈఎస్‌ఐలో ఏడాదికి రెండు చందా కాలాలు ఉంటాయి. ఒక్కో చందా కాలానికి తగిన ప్రయోజన కాలం తర్వాత వస్తుంది.

• ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబర్ 30 వరకు కట్టిన చందాకు, తర్వాతి జనవరి 1 నుంచి జూన్ 30 వరకు ప్రయోజనం
• అక్టోబర్ 1 నుంచి మార్చి 31 వరకు కట్టిన చందాకు, తర్వాతి జూలై 1 నుంచి డిసెంబర్ 31 వరకు ప్రయోజనం

జబ్బు ప్రయోజనం, అంటే పోయిన జీతానికి నగదు, రావాలంటే ఆ ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజులకు చందా జమ అయి ఉండాలి. నెలకు 13 రోజుల చొప్పున అన్నమాట.

ఇప్పుడు ఒక పద్ధతి చూడండి. మీరు నెలకు 26 రోజులు పనిచేస్తారు. యజమాని తన వాటా మిగుల్చుకోవడానికి రికార్డులో 10 రోజులే చూపిస్తాడు. ఆరు నెలలకు 60 రోజులే అయ్యాయి. 78 కాలేదు. మీకు జబ్బు చేసి నెల రోజులు మంచం పడితే నగదు రాదు. చందా కట్టినట్టే ఉంటుంది, అవసరం వచ్చినప్పుడు అక్కరకు రాదు. అందుకే ఆన్‌లైన్ రికార్డులో రూపాయలతో పాటు రోజులు కూడా చూడండి.

అన్నీ సరిగ్గా కడితే మీకేం వస్తుంది?

ఇక్కడ 16,000 జీతం లెక్కతోనే చెప్తున్నాను. రోజు సగటు జీతం సుమారు 533 రూపాయలు అనుకుందాం.

వైద్యం: మీకు, భార్య లేదా భర్తకు, పిల్లలకు, మీపై ఆధారపడిన తల్లిదండ్రులకు. డిస్పెన్సరీ నుంచి పెద్ద ఆసుపత్రి వరకు. చేరిన నాటి నుంచే మొదలవుతుంది. సూపర్ స్పెషాలిటీ వైద్యానికి మాత్రం కొంత చందా షరతు ఉంటుంది, డిస్పెన్సరీలో అడగండి.

జబ్బు ప్రయోజనం: ఏడాదికి 91 రోజుల వరకు, జీతంలో 70 శాతం. అంటే రోజుకు సుమారు 373 రూపాయలు. మొత్తం 91 రోజులకు దాదాపు 33,900. ఒక చందా కాలంలో ఆమె కట్టేది 720 రూపాయలు. ఆ తేడా చూడండి. మొదటి రెండు రోజులకు నగదు రాదు. ఈఎస్‌ఐ డాక్టర్ సర్టిఫికెట్ తప్పనిసరి. టీబీ, క్యాన్సర్ వంటి దీర్ఘకాలిక జబ్బులకు 80 శాతం చొప్పున, రెండేళ్ల వరకు పొడిగింపు ఉంది.

ప్రసూతి: 26 వారాలు, పూర్తి జీతం. పై లెక్కలో దాదాపు 97 వేలు. దీనికి అంతకుముందు రెండు చందా కాలాల్లో కలిపి కనీసం 70 రోజుల చందా ఉండాలి. ఇద్దరు పిల్లల తర్వాత అయితే 12 వారాలు.

పనిలో గాయం: తాత్కాలికంగా పని చేయలేకపోతే, కోలుకునే వరకు జీతంలో 90 శాతం. దీనికి 78 రోజుల షరతు లేదు. పనిలో చేరిన మొదటి రోజే ప్రమాదం జరిగినా వర్తిస్తుంది. ఇంటి నుంచి పనికి వెళ్తూ గానీ, పని నుంచి ఇంటికి వస్తూ గానీ దారిలో ప్రమాదం జరిగినా, పనికీ ఆ ప్రయాణానికీ సంబంధం తేలితే పనిలో గాయంగానే చూస్తారు. శాశ్వత వైకల్యం వస్తే దాని శాతాన్ని బట్టి నెలనెలా సొమ్ము వస్తుంది.

పనిలో ప్రాణం పోతే: ఆధారపడిన కుటుంబ సభ్యులకు కలిపి జీతంలో 90 శాతం, నిర్ణీత వాటాల్లో నెలనెలా. అంత్యక్రియల ఖర్చుకు 15,000 వరకు.

రిటైర్ అయ్యాక: కనీసం ఐదేళ్లు ఈఎస్‌ఐలో ఉండి పదవీ విరమణ చేసినవారు ఏడాదికి 120 రూపాయలు కట్టి, భార్యాభర్తలిద్దరూ వైద్యం పొందవచ్చు. ఇది తెలియక చాలామంది వదిలేసుకుంటున్నారు.

కొత్త లేబర్ కోడ్‌తో ఏమైనా మారిందా?

2025 నవంబర్ 21 నుంచి సామాజిక భద్రతా కోడ్, 2020 అమల్లోకి వచ్చింది. పాత ఈఎస్‌ఐ చట్టం ఆ కోడ్‌లో కలిసిపోయింది. మీకు తెలియాల్సినవి మూడు.

• "జీతం" అనే మాటకు కొత్త నిర్వచనం వచ్చింది. కొన్ని అలవెన్సులను జీతం లెక్కలోంచి తీసేయవచ్చు గానీ, అవి మొత్తం చెల్లింపులో సగం దాటితే, దాటిన భాగాన్ని మళ్లీ జీతంలో కలపాలి. కాబట్టి మీ ఈఎస్‌ఐ ఏ మొత్తం మీద కోశారో స్లిప్పులో చూసుకోండి.
• ప్రాణాపాయం ఉన్న ప్రమాదకర పనుల్లో, ప్రభుత్వం నోటిఫై చేసిన చోట, ఒక్క మనిషి పనిచేసినా ఈఎస్‌ఐ వర్తింపజేసే వీలు కోడ్‌లో ఉంది.
• ఉద్యోగం చేసే మహిళ, తనపై ఆధారపడిన అత్తమామలను కూడా కుటుంబంలో చేర్చే వీలు వచ్చింది.

మరి ప్రభుత్వం ఏం కడుతుంది?

డిస్పెన్సరీలు, చాలా ఈఎస్‌ఐ ఆసుపత్రులు నడిపేది రాష్ట్ర ప్రభుత్వమే. ఆ వైద్య ఖర్చులో నిర్ణీత పరిమితి వరకు ఎనిమిదిలో ఏడు వంతులు ఈఎస్‌ఐ కార్పొరేషన్, ఒక వంతు రాష్ట్ర ప్రభుత్వం భరిస్తాయి. హైదరాబాద్ సనత్‌నగర్‌లోని వైద్య కళాశాల ఆసుపత్రి లాంటివి కార్పొరేషన్ నేరుగా నడుపుతుంది.

ఇది మీకు ఎందుకు చెప్తున్నానంటే, ఎక్కడ అడగాలో తెలియాలి కాబట్టి. డిస్పెన్సరీలో మందులు లేవు, డాక్టర్ రావడం లేదు అంటే అది రాష్ట్ర ఇన్సూరెన్స్ మెడికల్ సర్వీసెస్ శాఖ విషయం. చందా జమ కాలేదు, నగదు రాలేదు అంటే అది కార్పొరేషన్ బ్రాంచి ఆఫీసు విషయం. ఒకచోటి ఫిర్యాదు ఇంకోచోట ఇస్తే తిరగడమే మిగులుతుంది.

మీ చందా జమ అయిందో లేదో ఇలా చూసుకోండి

1. మీ బీమా నంబరు తెలుసుకోండి. అది 10 అంకెలు. స్లిప్పు మీద గానీ, ఈ-పెహచాన్ కార్డు మీద గానీ ఉంటుంది. యజమానికి వేరే 17 అంకెల కోడ్ ఉంటుంది. రెండూ ఫోటో తీసి ఫోన్లో పెట్టుకోండి.

2. ఫోన్లో ఉమంగ్ యాప్ వేసుకుని ఈఎస్‌ఐసీ సేవల్లోకి వెళ్లండి. మీ నంబరుతో చందా వివరాలు కనిపిస్తాయి. ఏ నెలకు, ఎన్ని రోజులకు, ఎంత జీతం చూపించి కట్టారో చూడండి. యాప్ తెలియకపోతే ఇంట్లో చదువుకునే పిల్లల్ని అడగండి, ఐదు నిమిషాల పని.

3. స్లిప్పుతో పోల్చండి. మూడు చూడాలి: నెల, రోజులు, జీతం. ఒక్కటి తేడా ఉన్నా రాసుకోండి.

4. కుటుంబ సభ్యుల పేర్లు, ఆధార్ వివరాలు సరిగా ఎక్కాయో చూడండి. అమ్మ పేరు లేకపోతే ఆసుపత్రిలో ఆ రోజు ఇబ్బంది పడేది మీరే.

5. ఉద్యోగం మారితే పాత బీమా నంబరే కొత్త యజమానికి ఇవ్వండి. జీవితాంతం ఒకటే నంబరు. కొత్త నంబరు తీయిస్తే పాత చందా లెక్క దీనితో కలవదు.

తేడా ఉంటే ఏం చేయాలి?

మొదట సంస్థలో అడగండి. కొన్నిసార్లు నంబరు తప్పు పడటం వల్ల కూడా జమ కనిపించదు. అడిగినా పని కాకపోతే ఈఎస్‌ఐ బ్రాంచి ఆఫీసులో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, కాపీ మీద ముద్ర వేయించుకోండి. టోల్ ఫ్రీ నంబరు 1800-11-2526కు కూడా ఫోన్ చేయవచ్చు. ఫిర్యాదుకు జత చేయాల్సినవి:

• పే స్లిప్పులు, లేదా జీతం పడిన బ్యాంకు పాస్‌బుక్ పేజీలు
• సంస్థ ఐడీ కార్డు, హాజరు కార్డు, ఏదుంటే అది
• ఉమంగ్‌లో కనిపించిన చందా వివరాల స్క్రీన్‌షాట్
• కాంట్రాక్టర్ పేరు, అసలు సంస్థ పేరు

పనిలో ప్రమాదం జరిగితే అదే రోజు ప్రమాద రిజిస్టర్‌లో రాయించండి. యజమాని దాన్ని ఈఎస్‌ఐకి తెలపాలి. "చిన్న దెబ్బే, మా ఖర్చుతో చూపిస్తాం, రాయించకు" అంటే ఒప్పుకోకండి. ఇవాళ్టి చిన్న దెబ్బ రేపు వేలు వంగకుండా చేస్తే, రిజిస్టర్‌లో ఆ గీత ఒక్కటే మీ వైపు నిలబడుతుంది.

ఆ అక్క సంగతి ఏమైంది?

ఆమె ఫిర్యాదు బ్రాంచి ఆఫీసుకు చేరింది. ఎనిమిది స్లిప్పులు ఉన్నాయి కాబట్టి ఎవరూ కాదనలేకపోయారు. మిల్లు పాత బాకీ వడ్డీతో సహా కట్టాల్సి వచ్చింది. భర్త వైద్యం ఈఎస్‌ఐ ఆసుపత్రిలోనే జరిగింది.

కానీ ఆమె వెళ్తూ చెప్పిన ఒక్క మాట నాకు ఇంకా గుర్తుంది. అదే మిల్లులో, పక్క షెడ్డులో ఆమె వదిన పనిచేస్తుంది. ఆమెకు జీతం చేతికి నగదుగా ఇస్తారు. స్లిప్పు లేదు, ఐడీ కార్డు లేదు. "మా వదినకేమైనా అయితే ఏం చూపించాలి సార్?" అంది. దానికి నా దగ్గర అప్పటికప్పుడు మంచి జవాబు లేదు. హాజరు కార్డు ఫోటో తీసి పెట్టుకోమని, జీతం బ్యాంకులో వేయమని అడగమని, నలుగురూ కలిసి అడిగితే బలం ఉంటుందని మాత్రం చెప్పాను.

ఆ వదినలాంటి వారి కోసమే ఈ పీడీఎఫ్ రాశాను. మీకు స్లిప్పు వస్తుంటే ఈ నెల నుంచి ఒక్కటి కూడా పారేయకండి. స్లిప్పు రాకపోతే ఈ నెలే అడగండి. మీకు తెలిసింది పక్క షెడ్డులో, పక్క షాపులో ఉన్నవాళ్లకు చెప్పండి. మీ గ్రూపుల్లో పంపండి.

గుర్తుంచుకోవలసిన నాలుగు అంకెలు

• 0.75 శాతం మీది, 3.25 శాతం యజమానిది
• తర్వాతి నెల 15లోగా జమ
• ఆరు నెలల్లో 78 రోజులు
• ఫోన్: 1800-11-2526

జిల్లా సమాచార అధికారి కార్యాలయం నుంచి, ఈఎస్‌ఐ లబ్ధిదారుల అవగాహన కోసం.